సొంతమనే మాట

ఒక వస్తువు ఎవరిది అని అడిగితే న్యాయశాస్త్రం తడుముకోకుండా సమాధానం చెబుతుంది: వెల ఇచ్చి కొన్నవానిది, వారసత్వంగా పొందినవానిది, దానంగా స్వీకరించినవానిది. లోకవ్యవహారానికి ఈ సమాధానం చాలు. న్యాయస్థానాలు దీనితోనే నడుస్తున్నవి, సంతలు దీనితోనే సాగుతున్నవి. కాని “ఇది నాది” అనే మాటను మనుష్యులు పలికే తీరు గమనిస్తే, అందులో రసీదుకు అందని మరొక అర్థం దాగి ఉన్నట్లు తోస్తుంది. అద్దెయింటి పెరటిలో తాను నాటిన జామచెట్టును చూపి ఒకడు నిస్సంకోచంగా “ఇది నాది” అంటాడు. వెలపోసి కొన్న ఇంటిలో ఇరవై ఏళ్ళు కాపురమున్న మరొకడు, పైకప్పు ఎక్కడ కారుతున్నదో తెలియక, ఆ ఇల్లు తనదేనా అని ఒక్కొక్కప్పుడు అనుమానిస్తాడు. చట్టం రెండవవాని పక్షాన ఉన్నది. అయినా మొదటివాని మాటలో ఉన్న బలం రెండవవాని మాటలో లేదు.

ఆ బలం ఎక్కడిది అన్నదే ప్రశ్న. దీనిని విచారించిన తత్త్వవేత్తలు పొలాన్నో, ఓడనో, రథాన్నో దృష్టాంతంగా తీసుకున్నారు. ఇక్కడ తీసుకోదలచిన దృష్టాంతం వాటంత గంభీరమైనది కాదు. అది ఎలక్ట్రిక్ గిటారు. కొనుక్కొని వాయించేవారి సంగతి అలా ఉంచితే, దానిని విప్పి, కోసి, తమ చేతికి తగినట్లు మార్చుకొనేవారు, కొయ్య దుంగ దగ్గరనుండి మొదలుపెట్టి తామే చేసుకొనేవారు లోకమంతటా ఉన్నారు. ఈ పని వారికి జీవనోపాధి కాదు. ఉద్యోగం వేరే ఉంటుంది. సాయంకాలాలు, ఆదివారాలు దీనికి పోతవి. ఖర్చు లెక్క వేస్తే, అంతకు తక్కువ వెలకు అంతకంటె మంచి వాద్యం అంగడిలో దొరుకుతుంది. ఈ సంగతి వారికి తెలియక కాదు. మరి ఎందుకు చేస్తారని అడిగితే “అందులో ఆనందం ఉన్నది” అంటారు. అది నిజమే కావచ్చును. కాని ఆనందమనే మాట ప్రశ్నను మూసివేస్తుందే తప్ప తీర్చదు. చేతిలో వస్తువు పూర్తయిన తరువాత వారు పలికే మొదటి మాట “బాగున్నది” కాదు, “ఇది నాది” అన్నది.

ఈ ప్రశ్నను ఏ ఊరిలో నిలబడి అడిగినా అడగవచ్చు. ఐతే ఖరగ్‌పూర్‌లో అడిగితే దానికి పదును ఎక్కువ.

హౌరాకు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణం రైలుకు ముందు పట్టణం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ కూడలి ఏర్పరచినది. 1900 ఏప్రిల్‌లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ నదిమీద వంతెన తెరచిన తరువాత కలకత్తాకు నేరైన దారి కుదిరినది. ఆ కాలంలోనే పెద్ద వర్క్‌షాపు వెలసినది. దాని చుట్టూ పట్టణం పెరిగినది. సముద్రతీరం వెంట దక్షిణానికి సాగిన దారి కూడా ఆ కంపెనీ చేతికే రావడంచేత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాలనుండి తెలుగువారు పనికోసం వేలకొలదిగా తరలివచ్చినారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, పనిలో హిందీ మాట్లాడుతూ, ఈ మూడింటిలో దేనిని మాతృభాష అనాలో పిల్లలకు బోధపరచలేక సతమతమయ్యే కుటుంబాలు ఎన్నో.

ఇట్టి పట్టణంలో “నాది” అనే మాటకు ఆస్కారం తక్కువ. నివాసం రైల్వేవారి క్వార్టర్సు. తలుపుమీద పేరుకంటె పెద్ద అక్షరాలతో సంఖ్య ఉంటుంది. ఉద్యోగ విరమణ చేసిన తరువాత దానిని ఖాళీ చేయవలసిందే. తండ్రి పుట్టిన ఇంటిలో కొడుకు పుట్టడు. పనిముట్లు సంస్థవి, దుస్తులు సంస్థవి, నీడనిచ్చే చెట్లు సైతం సంస్థవే. చివరకు ఆ పట్టణానికి పేరు తెచ్చిన వస్తువు కూడా ఎవరి సొత్తూ కాని ఒక ప్లాట్‌ఫారం. 1072 మీటర్ల పైచిలుకు పొడవుతో చాలకాలం అది ప్రపంచంలో అన్నిటికంటె పొడవైనదిగా చెప్పబడినది. 2013లో ఆ ఘనత గోరఖ్‌పూర్‌కు, 2023లో అక్కడినుండి హుబ్బళ్ళికి పోయినది. ఘనత సైతం అద్దెకు తెచ్చుకున్నదే అన్నమాట!

వర్క్‌షాపులో కార్మికునికి నిజంగా సొంతమైనది ఒకటే ఉన్నది: చేతినేర్పు. 1927లో సిబ్బంది తగ్గింపు భయంతో ఖరగ్‌పూర్ కార్మికులు చేసిన పెద్ద సమ్మెకు నాయకత్వం వహించినవారిలో వి.వి.గిరి ఒకడు, తరువాతి కాలంలో ఆయన భారత రాష్ట్రపతి అయినాడు. ఆ సమ్మెను జీతాల తగాదాగా, ఉద్యోగాల తగాదాగా చరిత్రకారులు చెబుతారు. అది సరియే. కాని దాని అడుగున మరొక బాధ ఉన్నది. ఇరవై ఏళ్ళు ఒక యంత్రం దగ్గర సంపాదించిన నేర్పును, ఆ యంత్రం లేనిచోట ఎవడు కొంటాడు? నేర్పు నీదే, కాని దానిని ప్రయోగించే చోటు నీది కాదు. చోటు పోతే నేర్పు ఒక స్మృతిగా మాత్రమే మిగులుతుంది.

వర్క్‌షాపు నేర్పే ధర్మం కూడా “నాది” అనే మాటకు విరుద్ధమైనదే. అక్కడ తయారయ్యే ప్రతి భాగం కొలతకు కట్టుబడాలి. ఇక్కడ తిరగబట్టిన ఇరుసు మరొక చోట మరొక బండికి అతకాలి. ఎవరు చేసినారో తెలియనంతగా ఒకదానివలె మరొకటి ఉండటమే అక్కడ గుణం. చేసినవాని ముద్ర కనబడితే అది దోషం. ఈ ధర్మాన్ని తేలికగా తీసిపారవేసేవారు యంత్రయుగాన్ని తిట్టడంలో సుఖం పొందేవారు మాత్రమే. రాత్రిబండిలో నిద్రపోయే వేయిమంది ప్రాణాలు ఆ అనామకమైన కొలతమీదనే ఆధారపడి ఉన్నవి. ఇరుసు చేసినవాడు తన వ్యక్తిత్వాన్ని దానిలో వెల్లడించాలని కోరుకోకపోవడం ఆ ప్రయాణికుల అదృష్టం.

ఇట్టి పట్టణంలోనికి గిటారు ఎట్లా వచ్చినది? రైల్వే ఉద్యోగాలలో చాలమంది ఆంగ్లో-ఇండియనులుండేవారు. వారి ఇన్‌స్టిట్యూట్‌లలో జరిగే నృత్యాలకు పాశ్చాత్య వాద్యాలు కావలసివచ్చేవి. ఆ వెనుక చలనచిత్రాలు, కలకత్తా బజారు. 1991కి ముందు విదేశీ వాద్యం కొనడం సామాన్యునికి అసాధ్యం. కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్ వంటి గిటారులే దేశమంతటి కుర్రవాళ్ళకు దిక్కు. ఒక ప్రసిద్ధమైన అమెరికన్ పేరులో ఒక్క అక్షరం మార్చి పెట్టుకున్న ఆ పేరును చూసి నవ్వేవారున్నారు. కాని దేశంలో ఎందరి వ్రేళ్ళు మొదట తెగినది ఆ తీగెలమీదనే! ఇక పట్టణానికి మరొక కొసన, 1931లో నిర్బంధితులమీద కాల్పులు జరిగి ఇద్దరు యువకులు మరణించిన హిజ్లీ శిబిరంలో, 1951లో సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. అక్కడి విద్యార్థులతో గిటారు పట్టణానికి మరింత దగ్గరయినది. వర్క్‌షాపులో చేతినేర్పు, సంస్థలో సిద్ధాంతం, కొంచెం దూరంలో బజారు: మూడూ ఒకచోట కలిసిన ఊరు అది.

అక్కడ ఒక కార్మికుని ఊహించుకోవచ్చు. పేరు అక్కరలేదు. తాత శ్రీకాకుళంనుండి వచ్చినాడు. తండ్రి మోటార్లకు తీగ చుట్టే పనిలో విరమించినాడు. ఇతడూ అదే పనిలో ఉన్నాడు. ఇతనికి చిన్ననాటినుండి ఒక చవుకరకం గిటారు ఉన్నది. దాని మెడ వంగినది, తీగెలు పలకకు చాల ఎత్తులో ఉన్నవి, విద్యుత్తు తగిలించగానే తుమ్మెద రొద వంటి గుర్రుమనే ధ్వని వస్తున్నది. ఒకనాడు దానిని విప్పినాడు.

విప్పగానే అతనికి ఆశ్చర్యం కలిగి ఉంటుంది. ఏలనంటే లోపల ఉన్నది తన పనే. ఎలక్ట్రిక్ గిటారులో పికప్ అనే భాగం అయస్కాంతంచుట్టూ వెంట్రుకకంటె సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టినది. సాధారణంగా సుమారు 8 వేల చుట్లు. దానిపైన ఉక్కుతీగె కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రం చలించి, రాగిచుట్టలో సన్నని విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. డైనమోలో ఉన్నదీ ఇదే. ఆ రొద కూడా దయ్యం కాదు. గోడలోని విద్యుత్తు సెకనుకు 50 మారులు ఊగిసలాడటాన్ని ఆ చుట్ట వింటున్నది. 1955లో సెత్ లవర్ అనే ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టినాడు. రెండు చుట్టలను ఎదురెదురు దిశలలో కలిపి, అయస్కాంతాల ధ్రువాలను కూడా తారుమారు చేసినాడు. అప్పుడు బయటనుండి వచ్చిన రొద రెండింటిలోనూ పుట్టి ఒకదానినొకటి చంపుకొంటుంది. తీగె పలికిన స్వరం మాత్రం రెండింటినుండీ వచ్చి కలుస్తుంది. మోటారు చుట్టే పనివానికి ఇది ఒక సాయంకాలంలో అర్థమయ్యే సంగతి.

తీగచుట్ట సంగతి అతనికి తెలిసినదే. కష్టం మెట్ల దగ్గర వస్తుంది. గిటారు మెట్ల అమరికకు ఒక లెక్క ఉన్నది. మిగిలిన తీగె పొడవును ప్రతిసారీ 17.817తో భాగించి, వచ్చినంత దూరంలో తరువాతి మెట్టు వేయాలి. తీగె 648 మిల్లీమీటర్లయితే మొదటి మెట్టు 36 మిల్లీమీటర్ల పైచిలుకు దూరంలో, పన్నెండవది సరిగా సగంలో, అనగా 324 దగ్గర పడతవి. అర మిల్లీమీటరు తప్పినా చెవికి చిక్కుతుంది. అది కూడా అన్నిచోట్లా ఒకే విధంగా కాదు. ఇరవయ్యవ మెట్టు దగ్గర జరిగిన తప్పు మొదటి మెట్టు దగ్గర జరిగిన అంతే తప్పుకంటె మూడు రెట్లు వినబడుతుంది. రంపంతో చీలిక కోసి, ఆ చీలికలో మెట్టును దిగగొట్టిన తరువాత దిద్దుకొనే అవకాశం దాదాపు లేదు.

ఇక్కడనే నైతికమైన ప్రశ్న మొదలవుతుంది. వర్క్‌షాపులో తప్పు జరిగితే అది ఒక దారిన ప్రయాణం చేస్తుంది. కొలిచినవాడు ఒకడు, కోసినవాడు ఒకడు, పరీక్షించి సంతకం చేసినవాడు ఒకడు. బాధ్యత పంచబడుతుంది, పంచబడటం మంచిదే, ఒకని కునుకుపాటును మరొకని మెలకువ కాపాడుతుంది. కాని పంచబడిన బాధ్యతలో ఎవని వంతు ఎంతో ఎవనికీ పూర్తిగా తెలియదు. ఇంటి వసారాలో చేసిన గిటారులో ఈ సౌకర్యం లేదు. పన్నెండవ మెట్టు దగ్గర అపశ్రుతి పలికితే, దానిని మోపడానికి లోకంలో రెండవ మనిషి దొరకడు. కొయ్యమీద కోపగించుకోవచ్చు, ఆ కొయ్యను ఎన్నుకున్నదెవరు?

తత్త్వశాస్త్రంలో సొత్తును గురించి మిక్కిలి ప్రచారం పొందిన సమాధానం జాన్ లాక్ 1689లో ప్రకటించినది. ప్రకృతిలో ఎవరిదీ కాని వస్తువుతో మనిషి తన శ్రమను కలిపితే, శ్రమ తనది కనుక ఆ వస్తువు కూడా తనదవుతుందని ఆయన వాదం. గిటారు చేసేవాడు ఈ వాదాన్ని వింటే సంతోషిస్తాడు. కాని అది చాలదు. దానిమీద నోజిక్ 1974లో వేసిన ప్రశ్న ఎంత కొంటెదో అంత పదునైనది: ఒక డబ్బాడు టొమాటో రసాన్ని సముద్రంలో పోసి కలిపినవాడు సముద్రాన్ని సంపాదించినట్లా, రసాన్ని పోగొట్టుకున్నట్లా? వేల రూపాయల గిటారుకు పది రూపాయల బొడిపె మార్చి, దానిమీద తన పేరు చెక్కించుకొని, “నా గిటారు” అని తిరిగేవానికి ఈ ప్రశ్న సూటిగా తగులుతుంది. పైగా గిటారుకు కావలసినవేవీ ఎవరిదీ కానివి కావు. వ్రేళ్ళ పలకకు వాడే రోజ్‌వుడ్ దక్షిణభారతపు అడవులనుండి ప్రపంచానికి పోయినది. ఈ జాతి చెట్లు అంతరిస్తాయనే భయంతో 2017లో అంతర్జాతీయ వర్తకంమీద కట్టుబాట్లు వచ్చినవి. పూర్తయిన వాద్యాలకు 2019లో మినహాయింపు లభించినది. చెట్టుతో శ్రమను కలిపినవాడు గిటారును పొందినాడు సరే, చెట్టు మాటేమిటి?

లాక్ చూడని చిక్కు మరొకటి ఉన్నది. దానిని మన ప్రాచీనులు చూసినారు. మిలిందప్రశ్నలో నాగసేనుడు యవనరాజును అడుగుతాడు: రథమంటే చక్రాలా, ఇరుసా, నొగా? ఏదీ కాదు, అన్నీ కలిసినా కాదు, అది వ్యవహారంకోసం పెట్టుకున్న పేరు. మన కార్మికుడు మొదటి ఏడు పికప్ మార్చినాడు, రెండవ ఏడు మెడ మార్చినాడు, మూడవ ఏడు దేహాన్నే పాత మంచపు టేకుతో కొత్తగా కోసినాడు. చిన్ననాటి గిటారు ఇప్పుడు ఎక్కడ ఉన్నది? గ్రీకుల ఓడ కథకు హాబ్స్ చేర్చిన ముక్తాయింపు ఇక్కడ అక్షరాలా జరుగుతుంది. తీసివేసిన మెడ, దేహం అటకమీద ఉన్నవి; తమ్ముడు వాటిని దించి తిరిగి బిగించుకున్నాడనుకోండి. ఇప్పుడు పాత గిటారు ఎవరిది? అన్నదమ్ములిద్దరూ “నాదే” అంటారు; ఇద్దరూ అబద్ధమాడరు. నాగసేనుని దారిలో పోతే “గిటారు” అనే మాటతోబాటు “నాది” అనే మాట కూడా పేరు మాత్రమే అవుతుంది. బౌద్ధుడు అందుకు సంతోషిస్తాడు. గృహస్థునికి మాత్రం రేపు ఆ వస్తువును ఏమి చేయాలి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

సొంతదనాన్ని అంగడిలో పెట్టిన కథ కూడా ఒకటి ఉన్నది. అమెరికాలో ఎడ్వర్డ్ వాన్ హేలెన్ అనే వాద్యకారుడు 1970ల నడుమ 50 డాలర్ల దేహాన్ని, 80 డాలర్ల మెడను కొని, వేరొక గిటారు పికప్‌ను దానిలో దూర్చి, తన చేతులతోనే రంగు పూసి ఒక వింత వాద్యాన్ని తయారుచేసినాడు. అంగడిలోని ఏ గిటారూ తాను కోరిన విధంగా పలకకపోవడమే దానికి కారణం. 2007లో ఒక పెద్ద కంపెనీ ఆ వాద్యానికి 300 ప్రతికృతులు చేసి, ఒక్కొక్కటి 25 వేల డాలర్ల వెలకు పెట్టినది. గీతలు, సిగరెట్టు కాలిన మచ్చలు సహా అన్నీ యథాతథంగా దించినారు. కొన్నవారిని వెక్కిరించడం సులభం. కాని వారు కోరినదేమిటో గమనించాలి. వారు మచ్చలను కొనలేదు, మచ్చ పడేదాకా ఒక వస్తువుతో బ్రతికిన కాలాన్ని కొనబోయినారు. అది మాత్రం పెట్టెలో రాలేదు.

అదే పనిని అవసరంకొద్దీ చేసినవారి కథ వేరు. 1963లో ఇంగ్లండులో బ్రయాన్ మే అనే పదహారేళ్ళ కుర్రవాడు, కోరిన గిటారు కొనే స్తోమత లేక, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రితో కలిసి ఒకటి చేయబూనినాడు. పాత పొయ్యి గూటి మహాగని చట్రం దాని మెడ అయినది. మోటారుసైకిలు స్ప్రింగులు తీగెల ఒత్తిడిని మోసినవి. మెట్లనడుమ గుర్తులు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాలు. కొయ్యలో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చినారు. తరువాత ఆయన లోకప్రసిద్ధుడై ఎన్ని గిటారులైనా కొనగలిగి కూడా ఆ వాద్యాన్ని విడువలేదు. పురుగు తొలిచిన చోటు ఆయనకు తెలుసు. ఇంతదాకా వెదకిన బలం ఈ చిన్న మాటలో ఉన్నది. అద్దెయింటి జామచెట్టుకు ఏ కొమ్మ ఎప్పుడు విరిగినదో నాటినవానికి తెలుసు. ఇల్లు కొన్నవానికి కప్పు ఎక్కడ కారుతున్నదో తెలియదు. వస్తువు దోషాన్ని ఎరిగి, ఆ దోషానికి తాను జవాబుదారీ అయినవానికే “నాది” అనే మాట గొంతులో నిలుస్తుంది. శ్రమ అందుకు దారి మాత్రమే. శ్రమించినా దోషాన్ని చూడనొల్లనివానికి ఆ వస్తువు పరాయిదే.

ఇది ఒప్పుకుంటే ఒక ఆక్షేపణ వెంటనే వస్తుంది. ఇదంతా అహంకారానికి తొడిగిన ఉదాత్తమైన చొక్కా కాదా? నా చేతికి, నా చెవికి, నా ఇష్టానికి లోకాన్ని కోసుకోవడంలో నీతి ఏమున్నది? ఈ ఆక్షేపణకు ఉత్తమమైన సమాధానం తెలుగునాటినుండే వచ్చినది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ బాల్యంలోనే తండ్రి మాండలిన్ పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, కుర్రవాడు దానిని తీగెలమీద వెదకుకొనేవాడు. మాండలిన్‌లో జంటలుగా ఉండే ఎనిమిది తీగెలు గమకానికి లొంగవు; స్వరం పుట్టగానే చచ్చిపోతుంది. విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, జంట తీగెలు తీసివేసి, అయిదు ఒంటితీగెలు కట్టించుకొని ఆయన దానిని కర్ణాటక సంగీతానికి లొంగదీసినాడు. 2014లో మరణించేనాటికి ఆ వాద్యాన్ని పరాయిదని అనేవాడు లేడు. ఆ మార్పులలో ఏ ఒక్కటైనా “నా ఇష్టం” కోసం జరిగినదా? తోడి, భైరవి ఆయన ఇష్టంమీద ఆధారపడినవి కావు. రాగం అడిగినది, వాద్యం ఇవ్వలేకపోయినది, ఇచ్చేట్లు చేసినాడు. ఇక్కడ యజమాని వాద్యకారుడు కాదు. అతడు నడుమ నిలిచిన సేవకుడు.

ఖరగ్‌పూర్ సాంకేతిక సంస్థ ధ్యేయవాక్యం కర్మలో కౌశలాన్ని యోగంగా చెప్పే గీతలోనిది. విద్యార్థులు దానిని చేతినేర్పుకు ప్రశంసగా భావిస్తారు, తప్పేమీ కాదు. కాని శంకరుల వ్యాఖ్య ఆ కౌశలాన్ని వేరుగా చూపినది: స్వభావంచేత బంధించే కర్మ బంధించకుండా చేయగలగడమే ఆ నేర్పు. గిటారు కట్టేవాని విషయంలో ఈ రెండు అర్థాలూ ఒకే చోట తగులుకొంటవి. చేతినేర్పు పెరిగినకొద్దీ బంధం కూడా పెరగవచ్చు. ఇంకొక పికప్, ఇంకొక బిరడ, ఇంకొక రంగు. విడిభాగాల కట్టలు ఇంటిలో పేరుకొంటవి, వాద్యం ఎన్నడూ పూర్తి కాదు. ఇట్టివాడు చేయడంలేదు, కొంటున్నాడు. చేస్తున్నానని తనకు తాను చెప్పుకొంటున్నాడు. ఇంటిలో ఇల్లాలు ఆ నెల కిరాణా చీటీ చూపి అడిగే ప్రశ్నకు ఏ తత్త్వశాస్త్రమూ జవాబు కాదు. ఆమె అడగడమే సబబు.

వాయించకపోవడం మాత్రం దోషం కాదు. టెలికాస్టర్, స్ట్రాటొకాస్టర్ అనే గిటారులను 1950ల మొదట లోకానికిచ్చిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసేవాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. వాయించేవారికి వాద్యాన్నిచ్చి, వారు చెప్పిన లోపాలు విని, తిరిగి దిద్దేవాడు. దోషాన్ని వినగలగడానికి తన వ్రేళ్ళే ఉండనక్కరలేదు, చెవి ఒగ్గితే చాలు.

మన కార్మికుని దగ్గరకు తిరిగి వస్తే, అతని ముందు ఒక చిన్న ప్రలోభం ఉన్నది. పనిచోట రాగితీగ ముక్కలు తుక్కులో పోతున్నవి. జేబులో వేసుకుంటే ఎవరూ అడగరు. పరాయి సమయంలో, పరాయి సరకుతో, తనకోసం ఏదో చేసుకోవడం అన్ని దేశాల కార్మికులకూ తెలిసిన పనే. ఫ్రెంచివారు దానికి “విగ్గు” అని ముద్దుపేరు పెట్టినారు. మిషెల్ ద సెర్తో అనే పండితుడు 1980లో దానిని బలహీనుని ఉపాయంగా, ఒకవిధమైన స్వాతంత్ర్యంగా వర్ణించినాడు. ఆ వర్ణనలో నిజం ఉన్నది. సంస్థ అతని నేర్పును ముప్పై ఏళ్ళు వాడుకొని, అందులో తన వంతుకంటె ఎక్కువ తీసుకున్నదేమో కూడా. ఐనప్పటికీ ఆ తీగ ముక్క గిటారులో చేరితే ఒక నష్టం జరుగుతుంది. అది సంస్థకు జరిగే నష్టం కాదు. తుక్కు విలువ ఎంత గనుక? రేపు కొడుకు ఆ పికప్‌ను చూపి “ఇది ఎక్కడిది, నాన్నా?” అని అడిగినప్పుడు అతడు మాట మార్చవలసి వస్తుంది. మాట మార్చవలసి వచ్చిన భాగం మేరకు ఆ వాద్యం అతనిది కాకుండాపోయినట్లే. నేర్పును ఇంటికి తెచ్చుకోవచ్చు, అది అతనిదే. తీగను తూకం వేయించి కొనుక్కోవాలి.

ఇక కొడుకు అడిగే రెండవ ప్రశ్న ఇంతకంటె కష్టమైనది. క్వార్టర్సు ఖాళీ చేసే రోజు వస్తుంది. లారీలో ఎక్కేవి ఎక్కుతవి. గిటారు కొడుకు భుజానికి ఎక్కుతుంది. కొడుకు చెవి వేరు, అతని కాలపు సంగీతం వేరు. ఆ మెడను సన్నగా చెక్కించాలని, తండ్రి చేతులతో చుట్టిన పికప్ తీసివేసి మరొకటి పెట్టాలని అతని కోరిక. తండ్రి ఏమనాలి? వద్దంటే, వస్తువు కొడుకుకు జ్ఞాపకచిహ్నంగా మిగులుతుంది, వాద్యంగా మిగలదు. ఆ 300 ప్రతికృతులకు అది 301వది అవుతుంది. సరే అంటే, తన ముప్పై ఏళ్ళ సాయంకాలాలు ఒక అట్టపెట్టెలోకి పోతవి.

ఇట్టి తండ్రుల పూర్వులు వదలివచ్చిన సీమలోనే, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో, సర్వసిద్ధి ఇంటిపేరు గల శిల్పులు తరతరాలుగా పనసదుంగను తొలిచి ఒకే కొయ్యతో ఏకాండి వీణ చేస్తున్నారు. కుండ, దండి వేరువేరు కావు. విప్పి మార్చడానికి వీలు లేదు. కాని ఆ వీణకు 24 మెట్లనూ కొయ్యలో దిగగొట్టరు, మైనంమీద నిలుపుతారు. మైనం ఎండకు మెత్తబడుతుంది, ఏళ్ళకొద్దీ వాయిస్తే మెట్లు కదులుతవి. అప్పుడు పాత మైనాన్ని తీసివేసి, ఆనాడు వీణ ఎవరి ఒడిలో ఉన్నదో వారి చెవికి సరిపోయేట్లు మెట్లను తిరిగి నిలుపుతారు. దానిని మేళం కట్టడం అంటారు. తాత వీణమీద మనుమరాలు మేళం కట్టించుకుంటే తాతకు అపచారం జరిగినదని ఆ సీమలో ఎవరూ అనుకోరు.